పాపకు సెక్యులర్ ఆన్‌లైన్ హోమ్‌స్కూల్ ప్రోగ్రామ్ వెతుక్కున్నాం: నా అనుభవం

2024 మే నెలలో, పాప ఒకటో తరగతి అయిపోవస్తుండగా, వచ్చే ఏడాది తనని ఇంట్లోనే చదివిద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. మా ఆయన ప్రాజెక్టులు మారడం వల్ల రెండేళ్ళలో పాపకు మూడు స్కూళ్ళు మారాయి. మూడో స్కూల్లో టీచర్ చాలా మంచావిడ, అయినా పాప రోజూ పొద్దున్నే కడుపునొప్పి అని మంచం మీదే కూర్చునేది, డాక్టర్‌కి చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. చదవడంలో వెనకబడింది, ఆ సంగతి తనకీ తెలుసు, అందుకే క్లాసులో నోరు తెరిచేది కాదు. నేను హైదరాబాద్‌లో నాలుగేళ్ళు లెక్కల టీచర్‌గా చేశాను, ఇక్కడ హెచ్4 వీసా (మా ఆయన ఉద్యోగ వీసాతో పాటు నాకొచ్చేది) మీద ఇంట్లోనే ఉంటున్నాను, పాప వెనకాల ఐదేళ్ళ బాబు ఉన్నాడు. ఒక్క ఏడాది నా దగ్గర కూర్చోబెట్టుకుంటే కుదురుకుంటుందని నమ్మకం కలిగింది.

ప్రోగ్రామ్ ఎంచుకోవడం పెద్ద పనే కాదనుకున్నాను. ఒక మంచి ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌కి డబ్బు కడితే పాఠాలు వాళ్ళే చెబుతారు, నేను పక్కన కూర్చుంటాను, అంతే కదా అనుకున్నాను. దాన్ని ఎంచుకోవడానికి ఆగస్టు దాకా పట్టింది, మధ్యలో ఒక ఏడాది సబ్‌స్క్రిప్షన్ డబ్బులు పోయాయి.

మొదట ఒక తేడా తెలియక రెండు వారాలు తిరిగాను. ఆన్‌లైన్ స్కూలు, ఆన్‌లైన్ హోమ్‌స్కూల్ ప్రోగ్రామ్ ఒకటే అనుకున్నాను. కావు. నార్త్ కరోలినాలో 2015లో రెండు వర్చువల్ చార్టర్ స్కూళ్ళు, అంటే పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచేవి, మొదలయ్యాయి. అవి పబ్లిక్ స్కూళ్ళే, అంటే ప్రభుత్వ బడులే, ఫీజు లేదు, టీచర్లు ఉంటారు, మూడో తరగతి నుంచి రాష్ట్రం పెట్టే పరీక్షలు ఉంటాయి. పిల్ల మన ఇంట్లో కూర్చునే చదివినా చట్టం దృష్టిలో అది హోమ్‌స్కూల్ కాదు. ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూలు కాబట్టి పాఠాల్లోకి మతం వస్తుందన్న బెంగ అక్కడ ఉండదు, ఆ ఒక్క కారణంతోనే నేను దాదాపు అక్కడ ఆగిపోయేదాన్ని. కానీ లైవ్ క్లాసులు, హాజరు, మిగతా పిల్లలతో పాటు పరుగెత్తడం అన్నీ అక్కడా ఉంటాయి. మా పాపకు కావాల్సిందే ఆ పరుగు నుంచి ఒక ఏడాది విరామం. ఒకే అక్షరాల జత మీద మూడు వారాలు కూర్చున్నా ఎవరూ తొందరపెట్టకూడదు. అందుకని సొంతంగా హోమ్‌స్కూల్ పెట్టుకోవడమే మిగిలింది.

ఈ రాష్ట్రంలో అది చట్టబద్ధంగా చేసుకోవచ్చు. 1985లో డెల్‌కాంటే అనే కుటుంబం కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంట్లో చదివించుకోవచ్చని తీర్పు ఇచ్చింది, 1988లో దానికి చట్టం వచ్చింది. డివిజన్ ఆఫ్ నాన్-పబ్లిక్ ఎడ్యుకేషన్ అనే ఆఫీసుకి ఆన్‌లైన్‌లో నోటీస్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇంట్లో చదివిస్తామని తెలిపే నోటీసు, పెట్టాలి. చదువు చెప్పే మనిషి కనీసం హైస్కూలు పాసై ఉండాలి. ఏడాదిలో తొమ్మిది నెలలు నడపాలి, హాజరు పట్టిక, టీకాల కాగితాలు దగ్గర ఉంచుకోవాలి, ఏడాదికోసారి దేశవ్యాప్తంగా గుర్తింపు ఉన్న పరీక్ష ఒకటి పెట్టించాలి. ఏ పుస్తకం చదివించాలో, ఏ ప్రోగ్రామ్ కొనాలో మాత్రం వాళ్ళు చెప్పరు. మే, జూన్ నెలల్లో ఆ నోటీసులు తీసుకోరని కూడా అప్పుడే తెలిసింది. జులై దాకా ఆగాలి. ఆ ఆగిన రోజులే నాకు వెతకడానికి దొరికాయి.

ఇప్పుడు అసలు విషయం. వెతకడం మొదలుపెట్టినప్పుడు నా లిస్టులో సెక్యులర్, అంటే పాఠాల్లో మతబోధ లేనిది, అన్న మాటే లేదు. మనకి సెక్యులర్ అంటే రాజకీయాల్లో వినే మాట, ఎన్నికలప్పుడు టీవీలో వినే మాట. స్కూలు పాఠానికి ఆ మాట ఎందుకు అవసరమో నాకు తోచనే లేదు. రేటింగ్ బాగుంది, బొమ్మలు బాగున్నాయి, అన్ని సబ్జెక్టులూ ఒకే చోట ఉన్నాయి, ఏడాదికి కడితే తగ్గింపు ఉంది, ఇవి చూసి జూన్ మొదటి వారంలో ఒక ప్రోగ్రామ్‌కి ఏడాది మొత్తానికీ కట్టేశాను. పేరు చెప్పను. పాపకి బాగా నచ్చింది కూడా. గొంతు మెత్తగా ఉన్న ఒకావిడ వీడియోలో నెమ్మదిగా చెప్పేది, పాప ఆవిడతో పాటు పైకి చదివేది. ఇన్నాళ్ళకి పిల్ల గొంతు వినిపిస్తోందని నేను వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

మూడో వారంలో సైన్స్ పాఠం వచ్చింది, జంతువుల మీద. దేవుడు ఐదో రోజున చేపల్ని, పక్షుల్ని, ఆరో రోజున నేల మీద జంతువుల్ని, డైనోసార్లని, మనిషిని చేశాడని చెప్పింది ఆ గొంతే. భూమి వయసు సుమారు 6 వేల ఏళ్ళు అని బొమ్మ గీసి చూపించింది. ఆ ముందటి నెలలోనే మేం పాపని రాలీలో నేచురల్ సైన్సెస్ మ్యూజియానికి తీసుకెళ్ళాం. టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. అక్కడ డ్యూయెలింగ్ డైనోసార్స్ అని 2024 ఏప్రిల్‌లోనే కొత్తగా తెరిచారు. ఒక ట్రైసెరాటాప్స్, ఒక టైరనోసార్ పక్కపక్కనే పూడిపోయి రాయిగా మారి దొరికాయి, ఆ ఎముకల చుట్టూ ఉన్న రాతిని సైంటిస్టులు మన కళ్ళ ముందే కొద్దికొద్దిగా తొలుస్తూ ఉంటారు, దగ్గరికి వెళ్ళి ప్రశ్నలు అడగొచ్చు. స్కూల్లో నోరు తెరవని పిల్ల అక్కడ ఒకమ్మాయిని, ఇది ఎన్నేళ్ళ కిందటిది అని అడిగింది. 67 మిలియన్ అని చెప్పారు, అంటే 6.7 కోట్ల ఏళ్ళు. ఆ సంఖ్య పాప ఇంటికొచ్చాక నాన్నమ్మకి ఫోన్‌లో చెప్పింది, అమ్మమ్మకి చెప్పింది, పక్కింటి వాళ్ళకీ చెప్పింది.

పాఠం అయ్యాక లాప్‌టాప్ ఆపకుండా నా వైపు తిరిగి, "అమ్మా, మ్యూజియం ఆంటీ అబద్ధం చెప్పిందా, ఈ టీచర్ అబద్ధం చెప్పిందా?" అంది.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ వీడియో ఆవిడ పాపని పైకి చదివించిన మనిషి. ఆవిడ అబద్ధాలకోరు అని చెప్పలేను, అది నిజం కూడా కాదు, ఆవిడ తను నమ్మింది చెబుతోంది. అలాగని పిల్ల ముందు ఎముకలు తొలిచి చూపించిన వాళ్ళ మాటా, ఈ మాటా రెండూ సమానమే అనీ చెప్పలేను. "ఆవిడ చెప్పింది వాళ్ళ మతం కథ, మ్యూజియంలో చెప్పింది ఎముకల్ని కొలిచి తెలుసుకున్నది" అన్నాను. మరి పైన సైన్స్ అని ఎందుకు రాసుందమ్మా అని అడిగింది. పిల్ల ప్రశ్న సరైనదే.

ఆ రాత్రి ఆ సైట్‌లో ప్రతి పేజీ తీసి చదివితే, వాళ్ళ గురించి రాసుకున్న పేజీలో అడుగున, మా పాఠాలన్నీ బైబిల్ దృష్టితో తయారయ్యాయి అని ఒక వాక్యం ఉంది. డబ్బు కట్టే పేజీలో అది లేదు. వాపసు అడిగితే 14 రోజులు దాటిపోయాయి అన్నారు. అది నా తప్పు కూడా అని ఒప్పుకుంటాను, ఆ వాక్యం నేను ముందే చదవాల్సింది.

అప్పటి నుంచి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను, ఇది ఇలా ఎందుకుందో అర్థమైంది. అమెరికా పబ్లిక్ స్కూళ్ళలో స్కూలు తరఫున ప్రార్థన, బైబిల్ పఠనం కూడదని 1962, 1963ల్లో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి. సృష్టివాదాన్ని సైన్స్ పేరుతో చెప్పాలనే లూయిజియానా చట్టాన్ని 1987లో కొట్టేసింది. ఇవి పబ్లిక్ స్కూళ్ళకి మాత్రమే. ఇంట్లో చదివించే వాళ్ళకీ, ప్రైవేటు స్కూళ్ళకీ వర్తించవు. 1970ల చివర జాన్ హోల్ట్ అనే అమెరికన్ రచయిత లాంటి వాళ్ళు మతంతో పని లేకుండానే ఇంటి చదువు గురించి మాట్లాడారు, కానీ 1980ల్లో ఆ దారిలోకి పెద్ద సంఖ్యలో వచ్చింది క్రైస్తవ కుటుంబాలు. వాళ్ళకి కావాల్సిన పుస్తకాలు వాళ్ళు తయారు చేసుకున్నారు. అబెకా, బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ లాంటి పెద్ద సంస్థలు అలా ఎదిగినవే, తాము ఏమిటో అవి బాహాటంగానే చెబుతాయి, అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ నమ్మకం నేర్పుకోవడం వాళ్ళ హక్కు, మన పిల్లలకి మనం నేర్పుకున్నట్టే. ఇబ్బందల్లా పబ్లిక్ స్కూలు సిలబస్‌కి అలవాటు పడిన మనలాంటి వాళ్ళు, సెకండ్ గ్రేడ్ సైన్స్ అంటే ఎక్కడైనా ఒకటే కదా అనుకుని కొనేయడంలో ఉంది.

ఇక రెండోసారి సెక్యులర్ అన్న మాట పెట్టే వెతికాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సెక్యులర్ అని చెప్పుకునే వాటిలో కొన్ని నిజానికి న్యూట్రల్. ఈ తేడా నాకు చెప్పింది లైబ్రరీలో పరిచయమైన ఒక అమెరికన్ తల్లి, ముగ్గురు పిల్లల్ని ఆరేళ్ళుగా ఇంట్లోనే చదివిస్తోంది. న్యూట్రల్ అంటే దేవుడి మాట ఎత్తరు, కానీ భూమి వయసు, శిలాజాలు, జీవుల్లో మార్పు, వీటి మాట కూడా ఎత్తరు. అన్ని రకాల కుటుంబాలకీ అమ్ముకోవాలి కాబట్టి ఎవరికీ నొప్పి తగలకుండా అవన్నీ వదిలేస్తారు. సెక్యులర్, ఎక్లెక్టిక్, అకడమిక్ అనే మూడు మాటల మొదటి ఇంగ్లీషు అక్షరాల్ని (SEA) కలిపి సీ హోమ్‌స్కూలర్స్ అని ఒక పెద్ద గ్రూపు ఉంది, వాళ్ళు ఈ తేడా మీద గట్టిగా నిలబడతారు, సైన్స్‌ని వదిలేసిన పాఠాన్ని సెక్యులర్ అనరు. ఇంత చిన్న పిల్లలకి ఇదంతా ఎందుకు, రెండో తరగతిలో జీవపరిణామం ఎవరు చెబుతారు అని నేనూ అన్నాను. ఆవిడ నవ్వి, మూడో తరగతి పాఠాల లిస్టు తీసి చూడు అంది. చాలా రాష్ట్రాలు అనుసరించే నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌లో శిలాజాలు మూడో తరగతిలోనే వస్తాయి. నేను ట్రయల్‌లో పెట్టుకున్న ఒక ప్రోగ్రామ్‌లో మూడో తరగతి తెరిచి చూస్తే మొక్కలు, వాతావరణం, అయస్కాంతాలు అన్నీ ఉన్నాయి, శిలాజం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. డైనోసార్ బొమ్మ ఉంది, అది ఎప్పటిదో లేదు. మా పాప అడిగే మొదటి ప్రశ్నే అది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఏ ప్రోగ్రామ్ అయినా ట్రయల్ దొరకగానే మొదటి పాఠం చూడను. అది ఎవరిదైనా బాగానే ఉంటుంది. తిన్నగా మూడు, నాలుగు, ఐదు తరగతుల సైన్స్ తెరుస్తాను, వెతికే చోట ఫాసిల్ అని, మిలియన్ ఇయర్స్ అని కొడతాను. తర్వాత సోషల్ తెరుస్తాను, ఇండియా అని, హిందూ అని, ఇస్లాం అని, స్థానిక అమెరికన్ తెగల గురించి ఏం రాశారో చదువుతాను. ఈ రెండో పని మొదటి దానికంటే ఎక్కువ సంగతులు చెప్పింది. ఒక దాంట్లో పండగల పాఠంలో క్రిస్మస్‌కి ఆరు పేజీలు, మిగతా ప్రపంచం మొత్తానికి ఒక పేజీ, ఆ పేజీలో దీపావళి అంటే హిందువుల క్రిస్మస్ అని రాసి ఉంది. మతం ఊసే లేకపోవడం సెక్యులర్ కాదు. ఎవరు దేన్ని నమ్ముతారో, ఏ పండగ ఎలా చేసుకుంటారో పిల్లలకి తెలియాలి. తెలియజెప్పడం వేరు, నమ్మమని చెప్పడం వేరు. మంచి ప్రోగ్రామ్‌లో రాసినవాళ్ళు పక్కన నిలబడి చెబుతారు, యూదులు ఇలా నమ్ముతారు, ముస్లింలు ఇలా నమ్ముతారు, క్రైస్తవులు ఇలా నమ్ముతారు అని, అందరికీ ఒకే రకం వాక్యం వాడతారు. మనం అనే మాట ఎవరిని కలుపుకుంటోందో, ఎవరిని బయట నిలబెడుతోందో చూసుకోండి, అక్కడే తెలిసిపోతుంది.

ఇదే కొలతబద్ద మన వాటికీ పెట్టాల్సి వచ్చింది. ఇది రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. మా మావయ్యగారు మనవరాలి చదువు గురించి ఎంతో ఆదుర్దాగా, ఇండియా నుంచి నడిచే ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్ లింకు పంపారు. మన సంస్కృతి, లెక్కలు, సైన్స్ అన్నీ కలిపి నేర్పుతారని. లెక్కలు నిజంగా బాగున్నాయి. కానీ సైన్స్‌లో పుష్పక విమానాన్ని మొట్టమొదటి విమానం అని చెప్పి, కింద ప్రశ్న ఇచ్చారు, విమానాన్ని మొదట కనిపెట్టిన దేశం ఏది అని. రామాయణం మా ఇంట్లో పిల్లలు రోజూ వినే కథ, పుష్పక విమానం మా బాబుకి ప్రాణం. దాన్ని సైన్స్ ప్రశ్నగా పెడితే మాత్రం, ఆరు రోజుల సృష్టి పాఠానికీ దీనికీ తేడా నాకు కనబడలేదు. ఒకదాన్ని వద్దని, మనది కాబట్టి ఇంకోదాన్ని రానిస్తే పాప నన్ను అడిగిన ప్రశ్నకి నా దగ్గర నిజాయితీ గల జవాబు ఉండదు. మావయ్యగారికి ఫోన్ చేసి మెల్లగా చెప్పాను. కథలు మీరు చెప్పండి, మీరు చెప్పినట్టు ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, సైన్స్ మాత్రం వేరే చోట నేర్పిస్తాం అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "సరేనమ్మా, అయితే నా క్లాసు ఏ టైముకి?" అన్నారు. ఇక్కడ శనివారం పొద్దున ఎనిమిదన్నరకి, అక్కడ సాయంత్రం ఆరుకి, ఇప్పటికీ నడుస్తోంది ఆ క్లాసు.

జులైలో నోటీసు పెట్టడానికి కూర్చుంటే ఫారంలో రెండు గడులు వచ్చాయి. మీ స్కూలు రిలిజియస్ పద్ధతిలో నడుస్తుందా, నాన్ రిలిజియస్ పద్ధతిలోనా అని. మా ఆయన అక్కడ ఆగిపోయారు. "రోజూ దీపం పెడతాం, కేరీలో వెంకటేశ్వరస్వామి గుడికి వారం వారం వెళ్తాం, ఇప్పుడు మతం లేదని ఎట్లా టిక్ పెడతావ్?" అన్నారు. నేనూ ఆలోచించాను. అడిగేది ఇంటి గురించి కాదు, స్కూలు గురించి. మా ఇంట్లో దేవుడి గది ఉంది, లెక్కల పుస్తకంలో మాత్రం దేవుడు లేడు, మా చిన్నప్పుడు ఖమ్మంలో మేం చదువుకున్న స్కూలూ అంతే కదా అన్నాను. నాన్ రిలిజియస్ గడిలోనే టిక్ పెట్టాం. స్కూలుకి పేరు అడిగితే పాప మున్నేరు అంది, పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు ఆ ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది, అది గుర్తుంది. అదే రాశాం. ఇంకో మాట, ఆ ఆఫీసు నుంచి నోటీసు అందిందని జవాబు వచ్చేదాకా పిల్లని పాత స్కూలు నుంచి తీసేయకండి. మధ్యలో ఏ స్కూల్లోనూ లేని పిల్ల అయిపోతే అనవసరమైన టెన్షన్. బాబుకి ఐదేళ్ళే కాబట్టి వాడి పేరు పెట్టక్కర్లేదు, ఇక్కడ తప్పనిసరి చదువు ఏడేళ్ళ నుంచి.

పిల్లలకి తోడు కోసం దగ్గర్లోని ఒక కో-ఆప్ కూడా చూశాం. తల్లులంతా కలిసి వారానికో రోజు క్లాసులు చెప్పుకునే గుంపు. అందరూ ఆప్యాయంగా మాట్లాడారు, చేరడానికి ఇచ్చిన కాగితాల్లో స్టేట్‌మెంట్ ఆఫ్ ఫెయిత్ అని ఒకటి ఉంది, వాళ్ళ మత విశ్వాసాలు మేమూ నమ్ముతున్నాం అని సంతకం పెట్టాలి. నమ్మని దాని కింద సంతకం పెట్టలేనని చెప్పి వచ్చేశాను. ఇలాంటి కో-ఆప్‌లు చాలా ఉంటాయి, ముందే అడగండి, వాళ్ళేమీ నొచ్చుకోరు. లైబ్రరీలో కలిసిన ఆవిడే నన్ను ఇంకో చిన్న గుంపుకి పరిచయం చేసింది, పార్కులో కలుస్తారు, అన్ని రకాల వాళ్ళూ ఉంటారు.

మతం సంగతి తేలిపోయాక కూడా ప్రోగ్రామ్ ఎంచుకోవడం అయిపోలేదు. చిన్నపిల్లల విషయంలో ఆన్‌లైన్ అన్న మాటని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. జులైలో ఒక సెక్యులర్ ప్రోగ్రామ్ ట్రయల్‌లో పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను, పెద్దవాళ్ళకిచ్చే రిపోర్టులో బాబుకి 92 శాతం వచ్చింది. సంతోషపడ్డాను. మర్నాడు వెనకాల నిలబడి చూస్తే వాడు ప్రశ్న వినడం లేదు. నాలుగు బొమ్మలుంటే వరసగా నొక్కుకుంటూ పోతున్నాడు, ఏదో ఒకటి సరైనది అవుతుంది, నాణేలు పడతాయి, నాణేలతో ఆట తెరుచుకుంటుంది. వాడు నేర్చుకుంది ఆ ఆట దగ్గరికి త్వరగా చేరడం ఒక్కటే. అందుకని రిపోర్టుల్ని నమ్మకండి, పిల్లల వేళ్ళని చూడండి. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రోజుకు గంట మించి స్క్రీన్ వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో చెప్పింది, ఇండియా వీడియో కాల్ పక్కన పెట్టినా, కార్టూన్లూ ఆ గంటలోనే, ఇక మిగిలేదెంత? బాబుకి డబ్బు కట్టే ప్రోగ్రామ్ ఏదీ వద్దనుకున్నాం. ఖాన్ అకాడమీ కిడ్స్ ఉచితం, ప్రకటనలు లేవు, రెండు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి, రోజుకి పదిహేను నిమిషాలు అది. మిగతా టైమంతా ఇసుక, బియ్యప్పిండి, బ్లాకులు, లైబ్రరీ పుస్తకాలు.

పాప చదవడం సంగతి కూడా స్క్రీన్ మీద తేలలేదు. తెలుగు నేర్చుకునేటప్పుడు క పక్కన కొమ్ము పెడితే కు అవుతుంది, ఎక్కడ రాసినా కు అనే పలుకుతాం. ఇంగ్లీషులో అదే అక్షరం చోటుకో రకంగా పలుకుతుంది, అది పిల్లకి ఎవరూ విడమర్చి చెప్పలేదు, తను ఊహించి చదువుతోంది. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి అని ఒకటుంది, చదవడం కష్టమయ్యే పిల్లల కోసం దాదాపు తొంభై ఏళ్ళ కిందట మొదలైంది, శబ్దాల్ని ఒక్కొక్కటిగా, వరసగా, చూస్తూ పలుకుతూ చేత్తో రాస్తూ నేర్పుతారు. ఆ పద్ధతిలో రాసిన ఒక సెట్టు, అక్షరాల బిళ్ళలతో సహా పాతది కొన్నాను. రోజూ ఇరవై నిమిషాలు, నేల మీద చాప వేసుకుని, మేమిద్దరమే. ఏ వీడియో ఆవిడా లేదు. దానికి మతంతో సంబంధమే లేదు, పిల్లి చాప మీద కూర్చుంది లాంటి వాక్యాలు.

ఆగస్టులో చివరికి మేం స్థిరపడింది ఇది. పాపకి లెక్కలు, సైన్స్, సోషల్ కోసం ఒక సెక్యులర్ ఆన్‌లైన్ ప్రోగ్రామ్, నెలనెలా కట్టేది, 30 డాలర్లకి కొంచెం అటూ ఇటూ. ఏడాది కడితే తగ్గింపు ఇస్తామన్నారు, వద్దన్నాను. రోజుకి గంట, మధ్యలో ఒకసారి లేవాలి. లెక్కలు వీడియో చూశాక అదే లెక్క చింతపిక్కలతో చేసి చూపించాలి, అది నా రూలు. సైన్స్ పాఠం ఒకటి చూస్తే ఒకటి ఇంట్లో చేసి చూడాలి. ఆదివారం తెలుగు క్లాసుకి మనబడిలో చేరాం, అక్కడ పాపకి ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికారు. ఒక్క ప్రోగ్రామ్‌లోనే అన్నీ దొరకాలన్న పట్టు వదిలేయడం వల్లే ఇది కుదిరింది, లేకపోతే ఇంకా వెతుకుతూనే ఉండేదాన్ని.

ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగిన ప్రశ్న, వీసా తేడా వచ్చి తిరిగి వచ్చేస్తే పిల్ల ఎక్కడ చేరుతుంది అని. నాకూ ఆ భయం ఉంది. హైదరాబాద్‌లో మాకు తెలిసిన రెండు స్కూళ్ళలో అడిగితే ఈ వయసు పిల్లలకి చిన్న పరీక్ష పెట్టి తీసుకుంటామన్నారు. అదీ కుదరకపోతే ఇండియాలో ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, చిన్న తరగతులకి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఉంది, పద్నాలుగేళ్ళు నిండితే సెకండరీ పరీక్షకి కట్టొచ్చు. ఆ దాకా వెళ్ళదనే అనుకుంటున్నాను, కానీ తెలిసి ఉండటం నాకు ధైర్యం ఇచ్చింది.

2025 ఏప్రిల్‌లో చట్టం అడిగే పరీక్ష ఇంట్లోనే పెట్టాను, కాలిఫోర్నియా అచీవ్‌మెంట్ టెస్ట్. చదవడం, వ్యాకరణం, స్పెల్లింగ్, లెక్కలు. ఫలితాలు ఎవరికీ పంపక్కర్లేదు, అడిగితే చూపించడానికి ఏడాది దాచి ఉంచాలి. చదవడంలో తన తరగతికి వచ్చేసింది. స్పెల్లింగ్ ఇంకా వెనకే ఉంది, ఉండనీ. కడుపునొప్పి మాట అక్టోబర్ తర్వాత వినలేదు. మళ్ళీ స్కూలుకి వెళ్తావా అని అడిగితే ఇంకొక్క ఏడాది అంది, సరే అన్నాం.

మూడో తరగతి పాఠాలన్నీ ఈసారి నేనే ముందు చదివేశాను. శిలాజాల పాఠం పదకొండో వారంలో ఉంది. అది అయిన మర్నాడే రాలీ మ్యూజియానికి వెళ్ళాలని పాప కాలెండర్ మీద రాసి పెట్టుకుంది, అక్కడి వాళ్ళని అడగాల్సిన ప్రశ్నల కాగితం ఇప్పటికే ఫ్రిజ్ మీద అతికించి ఉంది, ఐదు ప్రశ్నలు, మూడింట్లో స్పెల్లింగ్ తప్పులు. దిద్దలేదు నేను.